చేబ్రోలు దగ్గరి సినగాగ్ సముదాయంతో కలిసి మెలగాలంటే ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: అరండల్‌పేట వాసి, గుంటూరు

నమస్కారమండీ. నేను లూథరన్ కుటుంబంలో పుట్టి పెరిగాను. పాత నిబంధనను కొన్నేళ్లుగా శ్రద్ధగా చదువుతున్న కొద్దీ, ఆ ధర్మశాస్త్రాన్ని నేటికీ వారం వారం వంతులవారీగా చదువుకుంటూ దాని ప్రకారం నడుచుకునే మనుషుల మధ్య కూర్చుని వినాలన్న కోరిక నాలో బలపడింది. చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిము యూదుల సినగాగ్, అంటే వారి ప్రార్థనా మందిరం, ఉన్న సంగతి మన జిల్లాలో చాలామందికి తెలిసిందే. ఒకసారి చూసి రావడంతో సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. వాళ్లకు అభ్యంతరం లేకపోతే తరచూ వెళ్లాలని ఉంది. మతం మారే ఆలోచన ఇప్పటికి లేదు. నా వంటివాడికి ఆ సామూహిక జీవితంలో ఏమైనా చోటు ఉంటుందా? ఉంటే ఎలా మొదలుపెట్టాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: తెనాలి మాష్టారు

వెళ్లే ముందు ఆ సముదాయం చరిత్ర కొంత తెలుసుకుంటే అడగకూడని ప్రశ్నలు అడగకుండా ఉంటారండీ. అక్కడి సినగాగ్ 1990ల మొదట్లో వెలిసింది. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు ఆ సముదాయాన్ని నడిపించినవారు. ఆ కుటుంబాలు మాదిగ కులానికి చెందినవి, అంతకుముందు బాప్టిస్టు సంఘాల్లో ఉండేవి. తాము ప్రాచీన ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రపు సంతతి అని వారి విశ్వాసం. ఇజ్రాయెల్‌లోని ప్రధాన రబ్బీల (యూదు మతగురువుల) వ్యవస్థ వారిని అధికారికంగా గుర్తించలేదు. అందువల్ల పరిశోధకులూ విలేకరులూ వచ్చి ‘మీరు నిజంగా యూదులేనా?’ అని అడగడం వారికి కొత్త కాదు. ఆ ప్రశ్నతో మాత్రం మీరు వారి గుమ్మం ఎక్కవద్దు.

ముందుగా అక్కడి పెద్దలకు కబురు చేసి, మీరెవరో, ఎందుకు రావాలనుకుంటున్నారో చెప్పి, వారు రమ్మన్న రోజునే వెళ్లండి. 2008 నవంబరులో ముంబయిలోని యూదుల కేంద్రం నారిమన్ హౌస్‌పై దాడి జరిగాక మన దేశంలోని యూదుల ప్రార్థనా స్థలాల్లో అపరిచితుల విషయంలో జాగ్రత్త పెరిగింది. వివరాలు అడిగితే చిన్నబుచ్చుకోవద్దు. యూదుల వారపు విశ్రాంతి దినమైన షబ్బాత్ శుక్రవారం సూర్యాస్తమయానికి ముందే దీపాలతో మొదలై, శనివారం రాత్రి మూడు నక్షత్రాలు కనిపించే దాకా సాగుతుంది. మన ప్రాంతంలో నవంబరు చివర సాయంత్రం 5.30కే పొద్దు కుంకుతుంది, జూన్ చివర 6.45 దాకా ఉంటుంది. కాబట్టి పంచాంగంలో సూర్యాస్తమయం చూసుకుని, చీకటి పడక ముందే చేరుకునేలా బయలుదేరండి.

ఎవరింటికైనా వట్టి చేతులతో వెళ్లలేని మన అలవాటు గురించి ఒక మాట. యూదుల ఆహార నియమాలు వంటగిన్నెల దాకా వర్తిస్తాయి గనుక, ఇంట్లో వండినవీ, మిఠాయి దుకాణంలో కొన్నవీ తీసుకువెళ్లకండి. కోయని జామకాయలో అరటిపండ్లో తీసుకుని, శుక్రవారం చీకటి పడక ముందే ఇచ్చేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. మగవారు లోపల తల కప్పుకోవాలి. షబ్బాత్ నాడు ఫోను బయటికి తీయడం, ఫోటోలు తీయడం, నోట్సు రాసుకోవడం, కానుకగా డబ్బు చేతికివ్వడం పూర్తిగా మానుకోండి.

మరొక్క సంగతి నా మనసులో ఎప్పుడూ మెదులుతుంటుంది. కూలి మీద బతికే కుటుంబానికి శనివారం పని మానడమంటే ఆ రోజు కూలి వదులుకోవడమే. కోతల రోజుల్లో ఆ నష్టం ఎంతో మన పల్లెలు తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది. కొంకణంలో నూనె గానుగలు ఆడించిన బెనే ఇజ్రాయెల్ యూదులు శనివారం గానుగ ఆపేవారు గనుక చుట్టుపక్కలవారు వాళ్లను ‘శనివార్ తేలీ’ (శనివారపు గానుగవాళ్లు) అని పిలిచారు. వృత్తిని ఆపి పాటించిన విశ్రాంతి అది. ఈ సంగతి ఎరిగి వెళితే అక్కడ మీరు వినే ప్రార్థన మీకు మరింత బాగా అర్థమవుతుంది.

జవాబు: కృష్ణలంక నుంచి

నేను ఇజ్రాయెల్‌లో వృద్ధులను చూసుకునే పని చేసి విజయవాడ తిరిగి వచ్చాను. చక్రాల కుర్చీలో ఉండే ఒక తాతగారిని శనివారం ఉదయం సినగాగ్‌కు తీసుకువెళ్లడం, ప్రార్థన పుస్తకంలో ఆయనకు పుట తిప్పి పట్టుకోవడం నా పని. హీబ్రూ కుడి నుంచి ఎడమకు సాగుతుంది గనుక మొదట్లో తికమకపడ్డాను. వారం వారం అవే ప్రార్థనలు వింటూంటే ఎక్కడున్నామో చెవి పట్టేసింది.

మీ ప్రశ్నకు నేను చెప్పగలిగింది ఇది. సామూహిక ప్రార్థనకు కనీసం పదిమంది ఉండాలి; సనాతన సంప్రదాయంలో 13 ఏళ్లు నిండిన యూదు పురుషులనే లెక్కిస్తారు. ఆ పదిమందీ లేనిదే పోయినవారి కోసం చెప్పే కద్దీష్ చెప్పకూడదు. ఒకనాడు తొమ్మిదిమందే ఉన్నారు. తండ్రి వర్ధంతికి వచ్చిన ఒకాయన పుస్తకం మూసి పట్టుకుని నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నా లెక్కలోకి రాను. ఎవరో వీధిలోకి వెళ్లి, దారిన పోతున్న ఒక పెద్దమనిషిని బతిమాలి తీసుకువచ్చారు. ఆయన ముక్కూ మొహం తెలియని మనిషి కోసం చివరిదాకా నిలబడి, ఆమెన్ పలికి వెళ్లాడు. సినగాగ్ జీవితమంటే నాకు అర్థమైంది అక్కడే. ఒక్కరు రాకపోతే మరొకరి దుఃఖం ఆగిపోతుంది.

యూదులు కానివారు ఆ లెక్కలోకి రారని మీరు ముందే ఒప్పుకుని వెళ్లాలి. అయినా చేయదగినవి చాలా ఉంటాయి. రోగులను పలకరించి రావడం వారిలో ఒక ధర్మం. ఆసుపత్రికి తోడు వెళ్లడం, నడవలేని పెద్దవారిని చేయిపట్టి తీసుకురావడం, ప్రార్థనయ్యాక కుర్చీలు సర్దడం ఎవరైనా చేయవచ్చు. పండుగ నాడు వచ్చిపోయే అతిథికన్నా మామూలు శనివారాల్లో కనిపించే మనిషిని ఎక్కువగా గుర్తుపెట్టుకుంటారు.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కద్దీష్ సంగతి చదివాక చాలాసేపు మరేమీ రాయలేకపోయాను. ఇంకొక సందేహం తీర్చండి. ముందు ముందు మతం మారాలని అనిపిస్తే ఏం చేయాలి? వచ్చే యోమ్ కిప్పూరుకు (ప్రాయశ్చిత్త దినానికి) మొదటిసారి వెళ్లడం బాగుంటుందా?

జవాబు: గవర్నరుపేట అమ్మాయి

మావారి ఉద్యోగరీత్యా చాలాకాలం ముంబయిలో బెనే ఇజ్రాయెల్ కుటుంబాల పక్కన ఉన్నాం. మతం మార్చుకోమని యూదులు ఎవరినీ పిలవరండీ. యూదులు కానివారు నోవహు కాలపు ఏడు ఆజ్ఞలు పాటిస్తే చాలునని వారి బోధ. పట్టుబట్టి అడిగినవారిని కూడా రబ్బీలు మొదట వెనక్కి పంపడం సంప్రదాయం. ఆ తరువాత పండుగలన్నీ ఒక చుట్టు తిరిగేదాకా చదివించి, ముగ్గురు సభ్యుల ధర్మసభ పరీక్షించి, స్నానవిధి జరిపిస్తుంది. మగవారికి సున్నతి తప్పనిసరి. ఏ ధర్మసభ ఇచ్చిన అంగీకారం ఎక్కడ చెల్లుతుందన్నది వేరే చిక్కు. ఆ విషయం ఇప్పుడు తలకెత్తుకోకండి.

మొదటి రాకకు యోమ్ కిప్పూరు వద్దని నా అభిప్రాయం. దాదాపు 25 గంటలు మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం అది. మిమ్మల్ని కూర్చోబెట్టి వివరించే ఓపిక ఎవరికీ ఉండదు. అది దాటిన ఐదో రోజున వచ్చే పర్ణశాలల పండుగ మన చేతికి పని చెప్పే పండుగ. ఇంటి బయట గుడారం వంటిది కట్టి, కోసి తెచ్చిన ఆకులతో పైకప్పు వేసి, ఏడు రోజులు అందులో భోజనం చేస్తారు. నీడ ఎండకన్నా ఎక్కువగా ఉండాలి, రాత్రి ఆకుల సందుల్లోంచి నక్షత్రాలు కనిపించడం మంచిదంటారు. వాన కురిసి లోపల కూర్చోలేకపోతే ఇంట్లోకి వెళ్లిపోవచ్చు. మన ఆశ్వయుజ మాసపు వానలు ఎరిగినవారికి ఈ వెసులుబాటు విలువ తెలుస్తుంది. కొబ్బరి మట్టలు కొట్టి తేవడం, పందిరి రాటలు పాతడం మీకు చేతనైతే, ఎవరికి ఏ సాయం కావాలో ముందే పెద్దలను అడగండి. ముంబయిలో మా పొరుగింటివారు ఏలీయా ప్రవక్త పేరున మలీదా మొక్కు తీర్చుకునేవారు. అటుకులు నానబెట్టి, కొబ్బరి కోరు, చక్కెర, ఏలకులు కలిపి, పళ్లతో పళ్లెం నింపి పాటలు పాడేవారు. ఆ రోజు కొబ్బరి తురమడానికి నన్ను పిలిచేవారు. వారితో మా స్నేహం అలాగే ముదిరింది.

పందిరి పని కుదరకపోయినా దిగులుపడకండి. ఆ పండుగల వరుస సిమ్హత్ తోరా అనే ధర్మశాస్త్ర సంతోష దినంతో ముగుస్తుంది. ఆనాడు ద్వితీయోపదేశకాండం పూర్తిచేసి, వెంటనే ఆదికాండం మొదలుపెడతారు. ఆ తరువాతి శనివారం చదివేది సృష్టి వృత్తాంతం నుంచి నోవహు ప్రస్తావన దాకా ఉన్న మొదటి భాగం. మీకు చిన్ననాటి నుంచి వచ్చిన పాఠమే గనుక హీబ్రూ రాకపోయినా అందుకోగలుగుతారు. ఆ వారానికి రావచ్చా అని పెద్దలను అడిగి చూడండి.