పదకొండేళ్ళ పాపకి కండిషనర్ పెట్టొచ్చా? కుంకుడుకాయలు చాలవా?

ఎంవీపీ సెక్టార్6 | సోమవారం, రాత్రి 9:40

మా పాపకి పదకొండేళ్ళు. జుట్టు నడుము దాకా ఉంది. ఆదివారం కుంకుడుకాయలతో తలంటుతాను. సోమవారం పొద్దున్న చిక్కు తీసేసరికి ఇరవై అయిదు నిమిషాలు పడుతోంది. ఇవాళ దువ్వెన పన్ను విరిగి జుట్టులోనే ఉండిపోయింది. ఒకటే ఏడుపు. ఈలోగా బస్సు వెళ్ళిపోయింది, స్కూటీ మీద దింపి ఆఫీసుకి లేటుగా వెళ్ళాను.

ఇంత చిన్నపిల్లకి కండిషనర్ పెట్టొచ్చా? పెడితే ఎలా పెట్టాలి? మా అత్తగారు కెమికల్స్ వద్దంటున్నారు. మాది అపార్ట్‌మెంటు, స్నానాలకి బోరు నీళ్ళే.

కుంకుడుచెట్టు | రాత్రి 10:05

మీ అత్తగారి మాట వినమ్మా. నాకు అరవై మూడేళ్ళు. పెదవాల్తేరులో మా పుట్టింట్లో అయిదుగురు ఆడపిల్లలం, అందరివీ నడుము కిందకి దిగే జడలే. ఒక్కరికీ సీసా కొనలేదు. శనివారం రాత్రే కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి వేణ్ణీళ్ళలో నానబెట్టేవాళ్ళు. పొద్దున్న కొబ్బరినూనె బాగా పట్టించి, కుంకుళ్ళు పిసికి వడగట్టి, గుప్పెడు మందారాకు నలిపి ఆ జిగురు కూడా కలిపి తలంటేవారు. వేళ్ళతోనే చిక్కు వచ్చేసేది. కండిషనర్ వెంట్రుక లోపలికి వెళ్ళదు, అది పైపైన పూత. పూత కింద జుట్టు చచ్చిపోయి రాలిపోతుంది. నూనె లోపలికి వెళ్తుంది. తేడా అది.

గాజువాక72 | రాత్రి 10:18

మా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. ఇదే బాధ. జవాబు కోసం చూస్తున్నాను.

దువ్వెన | రాత్రి 10:31

పెట్టొచ్చు. కళ్ళలో పడకుండా, మాడుకి రాయకుండా చూసుకోండి. ద్వారకానగర్‌లో పార్లర్‌లో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. చాలామంది చేసే తప్పు ఒకటే: షాంపూ లాగే నడినెత్తి మీద పోసి రుద్దేస్తారు. కుదుళ్ళ దగ్గర ఒంట్లో పుట్టే నూనె ఉండనే ఉంది. దానికి ఇది తోడైతే సాయంత్రానికల్లా జుట్టు అంటుకుపోతుంది, నుదుటి మీద పొక్కులు కూడా వస్తాయి. అప్పుడు కండిషనర్ పడలేదంటారు.

తలంటడం అయ్యాక తువ్వాలుతో జుట్టుని నొక్కి నీళ్ళు తియ్యండి, రుద్దకండి. నీళ్ళు కారుతున్న జుట్టుకి రాస్తే రాసింది రాసినట్టే జారిపోతుంది. రూపాయి బిళ్ళంత చేతిలో వేసుకుని, రెండు అరచేతులకీ పట్టించి, చెవుల కింద నుంచి చివర్ల దాకా పట్టించండి. నడుము దాకా జుట్టంటే అలా మూడుసార్లు పడుతుంది. జుట్టుని రెండు పాయలు చేసి, పెద్ద పళ్ళ దువ్వెనతో ముందు చివరి జానెడు, అది సాఫీ అయ్యాక దాని పైది, అలా కింద నుంచి పైకి రండి. పైనుంచి ఒక్క లాగు లాగితే పైనున్న చిక్కులన్నీ కిందకి దిగి ముడి పడతాయి. మీ దువ్వెన విరిగింది అందుకే. రెండు మూడు నిమిషాలు ఉంచి కడిగెయ్యండి. సోమవారం పొద్దున్న వరకూ చిక్కు ఆగకూడదు, స్నానాల గదిలోనే వదిలిపోవాలి.

పిన్నిగారూ, వెంట్రుక చర్మం దాటి బయటికి వచ్చాక దానికి ప్రాణం ఉండదు. కొత్తగా చచ్చిపోవడం అంటూ లేదు. తెలియని విషయం చెప్పి పిల్లల తల్లిని భయపెట్టకండి.

ఉప్పునీళ్ళు | రాత్రి 10:52

ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. ఆవిడ బోరు నీళ్ళు అన్నారు. మాది లాసన్స్ బే కాలనీ, నా అనుభవం అదే. తాగేనీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 200 మిల్లీగ్రాముల కాఠిన్యం దాకా మంచిది, వేరే నీళ్ళు దొరకనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చు. మా బోరుది పరీక్ష చేయిస్తే 600 దాటింది. ఆ కాల్షియం, మెగ్నీషియం జుట్టుకి పట్టేసి పీచులా చేస్తాయి. కార్పొరేషన్ కుళాయి నీళ్ళు రైవాడ, మేఘాద్రిగెడ్డ లాంటి జలాశయాల నుంచి వస్తాయి, చాలా నయం. ముందు నీళ్ళు మార్చండి, తర్వాత సీసాల గురించి మాట్లాడుకోవచ్చు.

కుంకుడుచెట్టు | రాత్రి 11:20

తెలియని విషయం అన్నారు కాబట్టి చెప్తున్నాను. లోపలికి వెళ్తుందా, వెళ్ళదా? ఆ ఒక్క మాటకి జవాబు చెప్పండి.

దువ్వెన | మంగళవారం, పొద్దున్న 7:15

చాలావరకు వెళ్ళదు. వెళ్ళనక్కర్లేదు కూడా. నీళ్ళు తగిలిన జుట్టు మీద, ముఖ్యంగా చివర్లలో, ఋణావేశం ఉంటుంది. కండిషనర్లో ధనావేశం ఉన్న పదార్థం ఉంటుంది. రెండూ అతుక్కుంటాయి. ఎక్కడ జుట్టు ఎక్కువ చెడిందో అక్కడ ఎక్కువ అతుక్కుంటుంది, ఆ పల్చటి పొర కడిగినా కొంత నిలుస్తుంది. వెంట్రుకకీ వెంట్రుకకీ మధ్య రాపిడి తగ్గుతుంది, చిక్కు వదులుతుంది. సముద్రపు తేమకి రేగిపోయే జుట్టు కూడా అణుగుతుంది. దాని పని అంతే. జుట్టు పెంచదు, రాల్చదు. దువ్వెనకి రోజూ వచ్చే వెంట్రుకలు చూసి బెంగపడకండి. రోజుకి యాభై నుంచి వంద దాకా రాలడం మామూలే, వారం చిక్కు ఒక్కసారి తీస్తే అన్నీ ఒక్కసారే కనిపిస్తాయి.

కొబ్బరినూనె విషయంలో మీ మాట నిజం. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ పోల్చారు. వెంట్రుక లోపలికి వెళ్ళి ప్రోటీన్ పోకుండా ఆపింది కొబ్బరినూనె ఒక్కటే. కానీ కుంకుడు మురికి తీస్తుంది, చిక్కు తియ్యదు. మీ ఇంట్లో చిక్కు తీసింది మందారాకు జిగురు. అది మీ కండిషనర్. పేరు వేరు, అంతే.

బడి పంతులమ్మ | పొద్దున్న 7:50

ఆరో తరగతి చెప్తాను. పేలు పడ్డ పిల్లలకి కూడా ఇది పనికొస్తుంది. తడి జుట్టుకి కండిషనర్ దట్టంగా రాసి, పేల దువ్వెనతో కుదుళ్ళ నుంచి చివరి దాకా దువ్వితే పేలు పరిగెత్తలేవు, దువ్వెనకి వచ్చేస్తాయి. మొదటి రోజు, అయిదో రోజు, తొమ్మిదో రోజు, పదమూడో రోజు చెయ్యాలి. పదిహేడో రోజు మళ్ళీ చూసుకోవాలి. ఇందుకోసం అయితే మాడు దాకా రాయాల్సిందే.

కుంకుడుచెట్టు | పొద్దున్న 9:30

మందారాకునీ మీ సీసానీ ఒకటి చేశారు. ఆకు పెరట్లో కోస్తాం, మీ సీసాకి డబ్బు కట్టాలి.

మా చిన్నమ్మాయి పెళ్ళికి మూడు నెలల ముందు ఒక పార్లర్‌కి తీసుకెళ్ళాను. జుట్టు సాఫీగా పడుతుందని స్మూతెనింగ్ చేశారు. ఏడువేలు. తర్వాత వాడమని కండిషనర్ కూడా వాళ్ళే అమ్మారు. రెండో నెలకి జుట్టు మధ్యలో తుంపులు తుంపులుగా విరిగిపోయింది. పెళ్ళి పీటల మీద పూలజడకి జుట్టు చాలక సవరం పెట్టాం. నా చేత్తో పద్దెనిమిదేళ్ళు పెంచిన జుట్టు. ఆ సవరం నేనే పూర్ణా మార్కెట్ దగ్గర కొని తెచ్చాను. మీరు ఆవేశాలూ పరిశోధనలూ చెప్తే అది మర్చిపోమంటారా? అమ్ముకునేవాళ్ళు అలాగే చెప్తారు.

దువ్వెన | మధ్యాహ్నం 1:10

సీసా అమ్మితే నాకు రూపాయి రాదు. జీతానికి పనిచేస్తాను. పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడి ఇంకొకరి తల కడిగి తెచ్చుకునే డబ్బు అది. అమ్ముకునేవాళ్ళు అన్న మాట వెనక్కి తీసుకోండి.

మీ అమ్మాయి జుట్టు విరగ్గొట్టింది కండిషనర్ కాదు. స్మూతెనింగ్ మందు వెంట్రుక లోపలి బంధాలు తెంపి, సాగదీసి మళ్ళీ అతికిస్తుంది. ఎక్కువసేపు ఉంచినా, అప్పటికే రంగు వేసిన జుట్టు మీద పెట్టినా తుంపులవుతుంది. అది చేసినవాళ్ళ తప్పు. కండిషనర్‌కి ఆ బలమే లేదు.

ఉప్పునీళ్ళు | మధ్యాహ్నం 1:25

నీళ్ళ సంగతి ఇంకా ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ వెంటనే చెయ్యగలిగింది ఒకటుంది. తలంటంతా బోరు నీళ్ళతో చేసుకున్నా, చివర రెండు చెంబులు కుళాయి నీళ్ళు పొయ్యండి. రెండు చెంబులే.

కుంకుడుచెట్టు | మధ్యాహ్నం 2:40

ఆ మాట మిమ్మల్ని ఉద్దేశించి అనకుండా ఉండాల్సింది. తీసుకుంటున్నాను. కానీ ఒక్క సంగతి. వారానికి ఒక్క గంట కూతురి తలకి కేటాయించలేని తల్లి సీసా కోసం వెతుక్కుంటోంది. మా అమ్మ అయిదుగురికి చేసింది. మందారాకు కోసుకోవడం అంత కష్టమా?

ఎంవీపీ సెక్టార్6 | రాత్రి 9:15

పిన్నిగారూ, పొద్దుటి నుంచి చదువుతూ ఊరుకున్నాను. మీ అమ్మగారు అయిదుగురికి చేసినప్పుడు ఇంట్లో ఎంతమంది ఆడవాళ్ళు ఉన్నారు? కుంకుళ్ళు కొట్టేవారు ఒకరు, నీళ్ళు కాచేవారు ఒకరు, తలంటేవారు ఒకరు. నాకు ఆదివారం ఒక్కరోజే సెలవు. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, వంగలేరు. మాది నాలుగో అంతస్తు, మందార కుండీకి ఎండ కూడా రాదు. అయినా కుంకుళ్ళే నానబెడుతున్నాను. కంట్లో పడి పాప కళ్ళు ఎర్రబడినా మానలేదు.

అసలు సంగతి చెప్తాను. రెండు నెలల కిందట పాప జుట్టు భుజాల దాకా కత్తిరించేద్దాం అన్నాను. ఇంట్లో పెద్ద గొడవ అయింది. అత్తగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఓణీల ఫంక్షన్‌కి పూలజడ వెయ్యాలని ఆవిడ ఆశ. మా ఆయన ఏమీ మాట్లాడలేదు. చిక్కు తీసేది మాత్రం నేను. కండిషనర్‌తో పని జరిగితే జుట్టు ఉంచొచ్చు, ఆవిడ కూడా బాధపడరని అడిగాను. నేను బద్ధకించి అడగలేదు.

గాజువాక72 | రాత్రి 9:32

మా ఇంట్లోనూ చిక్కు తీసేది మా ఆవిడే. ఈ వారం ఒకరిది నేను తీస్తాను.

కుంకుడుచెట్టు | రాత్రి 10:10

అయ్యో, కత్తిరించకు తల్లీ. ముందే ఈ మాట చెప్పాల్సింది. కత్తెర పెట్టేకన్నా ఆ సీసా నయం. మాడుకి తగలకుండా ఆవిడ చెప్పినట్టే పెట్టు. తలంటుకి ముందు కొబ్బరినూనె మాత్రం మానకు. కొనేటప్పుడు డబ్బా మీద లిక్విడ్ పారఫిన్ (ఆవిడ చెప్పిన మినరల్ ఆయిలే) అని ఉంటే వదిలెయ్యి, గానుగ నూనె తెచ్చుకో. గంట మాట నేను అనకూడదు. మా ఇంట్లో నీళ్ళు కాచడానికి మా మేనత్త ఉండేది.

దువ్వెన | రాత్రి 10:45

నేను మాత్రం కత్తిరించమనే చెప్తాను. భుజాల దాకా వద్దు, చివర్లు. పాపకి ఆఖరిసారి గుండు ఎప్పుడు చేయించారు?

ఎంవీపీ సెక్టార్6 | రాత్రి 10:50

అయిదో ఏట, సింహాచలంలో. ఆ తర్వాత కత్తెర తగల్లేదు.

దువ్వెన | రాత్రి 11:05

జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆరేళ్ళంటే డెబ్భై సెంటీమీటర్ల పైమాట. కుదుళ్ళ దగ్గరిది ఈ నెల మొలిచింది. కొసన ఉన్నది అయిదేళ్ళప్పటిది. ఆరేళ్ళ ఎండ, ఉప్పుగాలి, బోరు నీళ్ళు, దువ్వెన అన్నీ దాని మీదే పడ్డాయి. కొస చిట్లితే అతికించే మందు ఎక్కడా లేదు. కండిషనర్ ఆ చీలికని కాసేపు అణుస్తుంది, అంతే. ముడి పడేది అక్కడే. నాలుగు అంగుళాలు తీసేస్తే మీ సోమవారం గొడవ సగం తగ్గుతుంది.

కుంకుడుచెట్టు | రాత్రి 11:12

నాలుగు ఎక్కువ. రెండు చాలు.

బడి పంతులమ్మ | బుధవారం, పొద్దున్న 6:40

పాప ఏమంటోంది?

ఎంవీపీ సెక్టార్6 | తర్వాతి సోమవారం, రాత్రి 9:20

నిన్న చేశాను. ముందు రోజు రాత్రి కొబ్బరినూనె, పొద్దున్న కుంకుళ్ళు, తువ్వాలుతో నొక్కాక కండిషనర్, చెవుల కింద నుంచే. రెండు పాయలు చేసి స్టూల్ మీద కూర్చోబెట్టి కింద నుంచి దువ్వాను. ఆఖరికి రెండు చెంబులు కుళాయి నీళ్ళు. మొత్తం చిక్కు తొమ్మిది నిమిషాల్లో వచ్చేసింది. ఇవాళ పొద్దున్న నాలుగు నిమిషాలు. బస్సు అందింది. మొదటిసారి సరిగ్గా కడగలేదేమో, మెడ మీద పాయ కొంచెం జిడ్డుగా ఉంది.

పాపని అడిగాను. సంక్రాంతికి కూచిపూడి ప్రోగ్రాం ఉంది, సవరం బరువు, తన జడతోనే చేస్తానంది. ఆ తర్వాత కత్తిరించొచ్చట. రెండా, నాలుగా అన్నది ఇంకా తేలలేదు. అత్తగారు పక్కనే కూర్చుని విన్నారు, వద్దనలేదు.

రాత్రి టేపు పెట్టి కొలిచాం. డెబ్భై ఒక్క సెంటీమీటర్లు. కొస పట్టుకుని దీపం దగ్గర చూస్తే ఒక్కో వెంట్రుక రెండుగా చీలి, రంగు కూడా గోధుమ రంగులోకి తిరిగి ఉంది. "ఇది నేను యూకేజీలో ఉన్నప్పటిదా?" అని అడిగింది. అవునన్నాను.