దీవి నుంచి చేతిపనులు, తిండి సరుకులు: ఏవి కొనొచ్చు, ఎలా తేవాలి?

తాటాకు:
దీవికి సెలవుల్లో వెళ్తున్నాం. శంఖాలు, పగడాలు, చెక్క బొమ్మలు, వెనిలా కాయలు, తేనె తేవాలని ఉంది. కస్టమ్స్‌లో వేటితో చిక్కు? ఇంటికొచ్చాక పాడవకుండా ఏం చెయ్యాలి?

శంఖనాదం:
చిక్కంతా సముద్రపు సరుకుతోనే అండి. రాతి పగడాలు, నల్ల పగడం, సముద్ర గుర్రాలు, క్వీన్ కాంక్ శంఖం, జెయింట్ క్లామ్ (పెద్ద ఆల్చిప్ప) పెంకు సైటిస్ (అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, అంటే దేశం దాటించాలంటే పర్మిట్ కావాలి. సముద్ర తాబేలు చిప్ప ఇంకా కఠినమైన మొదటి అనుబంధంలోది, దువ్వెనైనా గాజైనా ముట్టుకోకండి. కొట్లో బాహాటంగా అమ్ముతున్నారు కదా అనుకోవద్దు. అక్కడ అమ్ముకునే అనుమతి వేరు, దేశం దాటించే పర్మిట్ వేరు. బిల్లు చూపిస్తే ఒప్పుకోరు. సొంత వాడకానికి క్వీన్ కాంక్ మూడు దాకా పర్మిట్ లేకుండా తెచ్చుకునే వెసులుబాటు ఒప్పందంలో ఉంది గానీ, అన్ని దేశాలూ దాన్ని పాటించవు. బయల్దేరే దేశం, దిగే దేశం రెండింటి నియమాలూ చూసుకోండి.

ఉలి:
చెక్క బొమ్మ చేతిలోకి తీసుకుంటే సైజుకు మించిన బరువుగా, చల్లగా ఉందా? ఇంకా ఆరలేదన్నమాట. ఏసీ గదిలో పెట్టగానే పైపొర ఆరి ముడుచుకుంటుంది, లోపలి తడి అలాగే ఉంటుంది, నెర్రె విచ్చుతుంది. అడుగు తిప్పి చూడండి: కాండం వలయాల నడిమి బిందువు బొమ్మలోనే ఉంటే పగులు దాదాపు ఖాయం. బెరడు ఉన్నది అసలు కొనొద్దు, పురుగూ తెగులూ రాకుండా తనిఖీ చేసే క్వారంటీన్ వాళ్లు ఆపే అవకాశం ఎక్కువ.

సన్నటి గుండ్రటి కంతల్లోంచి తట్టితే పిండి రాలుతోందంటే లోపల పురుగు ఉన్నట్టే లెక్క. బాగా ఆరిన బొమ్మనైతే గాలి చొరని సంచిలో చుట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక ఒక రోజు సంచి విప్పొద్దు, విప్పితే చెమ్మంతా చెక్క మీదే చేరుతుంది. రంగులద్దిన బొమ్మకు ఈ వైద్యం వద్దు, రంగు పెచ్చులూడొచ్చు.

యాలకి:
వెనిలా కాయ వేలికి చుట్టినా విరక్కూడదు, నూనె రాసినట్టు మెరవాలి. పైన తెల్లటి సూదుల్లాంటివి తళుక్కుమంటే అది వెనిలిన్ (వెనిలాకు వాసననిచ్చే పదార్థం), మంచిదే. దూదిలా పట్టి ముక్కిన వాసనొస్తే బూజు. ఫ్రిజ్‌లో పెట్టకండి, చెమ్మకు బూజు పట్టేది అక్కడే. గాజు సీసాలో చీకట్లో ఉంచండి. మసాలాలు పొడి కాకుండా గింజలుగానే తీసుకోండి. కల్తీ కనబడుతుంది, ఘాటూ నిలుస్తుంది.

తేనె, జామ్, పచ్చడి విమానం భద్రతా తనిఖీలో ద్రవాల కిందే లెక్క. చాలా విమానాశ్రయాల్లో చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటిన సీసాను రానివ్వరు, సగం ఖాళీగా ఉన్నా సీసా సైజే చూస్తారు. చెక్-ఇన్ పెట్టెలో పెడితే మూత కింద ప్లాస్టిక్ పొర, పైన టేపు, జిప్ సంచి, చుట్టూ బట్టలు. పైకెళ్లాక గాలి ఒత్తిడి తగ్గి, లోపలి గాలి తేనెను మూత సందుల్లోంచి బయటికి తోస్తుంది.

నాటే విత్తనాలు, తాజా పండ్లు వద్దు. మిగతా తిండి సరుకుల్లో ఏ కాస్త అనుమానమున్నా కస్టమ్స్ ఫారంలో రాసెయ్యండి. రాసిచ్చినదాన్ని మహా అయితే తీసేసుకుంటారు, దాచి దొరికితే జరిమానా.

తాటాకు:
ధన్యవాదాలండి. పగడాల పూస అసలుదో రంగేసిందో ఎలా తెలుస్తుంది?

శంఖనాదం:
గోళ్ల రంగు తీసే ద్రవంలో దూది ముంచి, పూస రంధ్రం దగ్గర రుద్దండి. ఎరుపు దూదికి అంటితే రంగేసిందే. అంటకపోయినా అసలుదని హామీ లేదు, గాజు పూసకూ రంగు పోదు.