పాలడిన్–సార్సరర్ మల్టీక్లాస్: లెవెల్స్ ఏ వరుసలో తీసుకోవాలి?

నడిరేయి_పహరా:

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డైస్ వేస్తూ ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్) ఐదో ఎడిషన్, 2014 రూల్స్. క్యాంపెయిన్ 1వ లెవెల్‌లో మొదలై 10వ లెవెల్ దగ్గర ముగుస్తుంది. మల్టీక్లాస్‌కీ (ఒకే క్యారెక్టర్‌లో రెండు క్లాసులు కలపడం) ఫీట్స్‌కీ (ఐచ్ఛికంగా తీసుకునే ప్రత్యేక సామర్థ్యాలు) డీఎం, అంటే ఆట నడిపే డంజన్ మాస్టర్, ఒప్పుకున్నారు. ముందు వరుసలో నిలబడి కొట్టే క్యారెక్టర్ కావాలి, చేతిలో కాస్త మ్యాజిక్ కూడా ఉండాలి. అందుకని పాలడిన్ (దైవశక్తి ఉన్న యోధుడు), సార్సరర్ (పుట్టుకతో మ్యాజిక్ ఉన్నవాడు) కలుపుదామని ఉంది.

ఎబిలిటీ స్కోర్లకి ఇచ్చే 27 పాయింట్లతో ఇలా వేశాను: స్ట్రెంత్ 15, డెక్స్టెరిటీ 8, కాన్‌స్టిట్యూషన్ 14, ఇంటెలిజెన్స్ 8, విజ్డమ్ 10, కరిజ్మా 15. హాఫ్-ఎల్ఫ్ కాబట్టి కరిజ్మాకి +2, స్ట్రెంత్‌కీ కాన్‌స్టిట్యూషన్‌కీ +1 చొప్పున.

రెండు క్లాసులూ సమానంగా ఎదగాలని ఒక లెవెల్ ఇది, ఒక లెవెల్ అది తీసుకుంటూ చివరికి 5/5 (పాలడిన్ 5, సార్సరర్ 5) చేద్దామనుకుంటున్నాను. ఇందులో ఎక్కడ దెబ్బ తింటాను? దేనితో మొదలుపెట్టాలి? సార్సరర్‌కి బదులు వార్‌లాక్ (ఒప్పందంతో మ్యాజిక్ పొందే క్లాసు) అయితే మేలా?

కవచం18:

పాయింట్లు సరిగ్గా వేశారు. పాలడిన్‌తో మల్టీక్లాస్ చేయాలంటే స్ట్రెంత్, కరిజ్మా రెండూ 13 ఉండాలి. సార్సరర్‌కి కరిజ్మా 13 చాలు. అక్కడ అడ్డం లేదు.

10వ లెవెల్‌లో మీ 5/5 షీట్ బాగానే కనిపిస్తుంది. చిక్కంతా అక్కడికి చేరే దారిలో ఉంది. వంతులవారీగా తీసుకుంటే 5వ లెవెల్‌కి మీరు పాలడిన్ 3, సార్సరర్ 2. సరిగ్గా అదే లెవెల్‌లో ఫైటర్‌కి రెండో దెబ్బ వస్తుంది, విజార్డ్ 8డి6 (ఆరు ముఖాల డైస్ ఎనిమిది) ఫైర్‌బాల్ విసరడం మొదలుపెడతాడు. మీకు రెండూ ఉండవు. ఎక్స్‌ట్రా అటాక్ పాలడిన్ 5లో వస్తుంది కాబట్టి మీ చేతికి అందేది 9వ లెవెల్‌లో. ఎబిలిటీ స్కోర్ పెంచుకునే అవకాశం మొత్తం లెవెల్‌ని బట్టి రాదు, ఒక్కో క్లాసులో 4వ మెట్టు దగ్గర వస్తుంది. అందరికీ 4లో వచ్చేది మీకు 7వ లెవెల్‌లో వస్తుంది. అంటే పది లెవెల్స్ ఆటలో 5 నుంచి 8 దాకా, నాలుగు లెవెల్స్ పాటు, పక్కవాళ్ల కంటే ఒక దెబ్బ తక్కువ కొడుతూ ఉంటారు. గ్రేట్‌సోర్డ్, స్ట్రెంత్ 16తో తగిలిన ఒక్కో దెబ్బకి సగటు 10 డ్యామేజ్. ప్రతి రౌండ్ ఆ రెండో దెబ్బ పోతుందన్నమాట.

నా సలహా: వరుసగా పాలడిన్ 6, ఆ తర్వాత సార్సరర్ 4. 5లో ఎక్స్‌ట్రా అటాక్, 6లో ఆరా ఆఫ్ ప్రొటెక్షన్. ఈ ఆరా మీకూ, 10 అడుగుల లోపు ఉన్న మీవాళ్లకూ ప్రతి సేవింగ్ త్రో (హాని తప్పించుకోవడానికి వేసే డైస్) మీద మీ కరిజ్మా మాడిఫయర్ (స్కోర్‌ని బట్టి వచ్చే, సరి సంఖ్యల దగ్గర పెరిగే బోనస్) కలుపుతుంది. 5/5లో మీరు పోగొట్టుకునేది దీన్నే, ఇది పాలడిన్ మొత్తంలో అన్నిటికంటే విలువైనదని నా గట్టి అభిప్రాయం.

6 దగ్గరే ఆగమనడానికి ఇంకో లెక్క ఉంది. స్పెల్ స్లాట్లకి (స్పెల్ వేసినప్పుడు ఖర్చయ్యేవి) పాలడిన్ లెవెల్స్‌లో సగమే లెక్కలోకి వస్తాయి, 2014 రూల్స్‌లో భిన్నాన్ని వదిలేస్తారు. పాలడిన్ 6 అంటే 3. పాలడిన్ 7 అన్నా 3 మాత్రమే. 6+4లో మొత్తం 3+4=7, మల్టీక్లాస్ టేబుల్‌లో ఏడో వరుస: 1వ స్థాయి స్లాట్లు 4, 2వ స్థాయి 3, 3వ స్థాయి 3, 4వ స్థాయి 1. 5/5కి కూడా 2+5=7, అవే స్లాట్లు. మీ పద్ధతిలో అదనంగా దక్కేది సార్సరర్ 3వ స్థాయి స్పెల్స్ మాత్రమే. వాటి కోసం ఆరాని వదులుకోవడం గిట్టుబాటు కాదు.

సార్సరర్‌ని 4 దాకా తప్పక తీసుకెళ్లండి. 3లో ఆపి పాలడిన్ 7కి వెనక్కి వస్తే రెండో ఎబిలిటీ పెంపు పోతుంది. మొదటి పెంపులో కరిజ్మా 17, కాన్‌స్టిట్యూషన్ 15 రెండిటికీ +1 వేస్తే 18, 16 అవుతాయి. రెండు బేసి సంఖ్యలూ ఒకేసారి సరి అవుతాయి.

మొదలు పాలడిన్‌తోనే. మధ్యలో పాలడిన్‌లోకి వస్తే లైట్, మీడియం ఆర్మర్, డాలు, ఆయుధాలు దొరుకుతాయి గానీ హెవీ ఆర్మర్ రాదు. డెక్స్టెరిటీ 8తో హాఫ్ ప్లేట్ వేస్తే ఏసీ (ఆర్మర్ క్లాస్, మిమ్మల్ని కొట్టడానికి శత్రువు అందుకోవాల్సిన అంకె) 14 దగ్గర ఆగుతుంది. ప్లేట్‌కి 18, దానికి కావలసిన స్ట్రెంత్ 15 మీకు ఉంది. మొదటి లెవెల్ హిట్ పాయింట్లు కూడా 6కి బదులు 10 మీద లెక్క మొదలవుతాయి.

స్లాట్‌లెక్క:

పైన చెప్పిన వరుసతో ఏకీభవిస్తాను. ఒక అభ్యంతరం వినిపించడం ఖాయం కాబట్టి దానికి జవాబు: సార్సరర్‌తో మొదలుపెడితే కాన్‌స్టిట్యూషన్ సేవ్ ప్రొఫిషియెన్సీ (ఆ సేవింగ్ త్రోకి అదనపు బోనస్) వస్తుంది, కాన్సంట్రేషన్ (దెబ్బ తిన్నా స్పెల్‌ని కొనసాగించే ఏకాగ్రత) నిలబడుతుంది అంటారు. సేవ్ ప్రొఫిషియెన్సీలు మొదటి క్లాసు నుంచే వస్తాయన్నది నిజమే. కానీ పాలడిన్ 6కి మీ కాన్‌స్టిట్యూషన్ +3, ఆరా +4, కలిపి +7. మామూలు దెబ్బకి దాటాల్సింది 10. డైస్ మీద 1 గానీ 2 గానీ పడితేనే కాన్సంట్రేషన్ పోతుంది. దీనికోసం హెవీ ఆర్మర్ వదులుకోనక్కర్లేదు.

ఇక వార్‌లాక్. ఇక్కడ తేల్చేది మీ టేబుల్ అలవాటే. వార్‌లాక్ స్లాట్లు మల్టీక్లాస్ టేబుల్‌లో కలవవు, విడిగా ఉంటాయి, షార్ట్ రెస్ట్‌కి (చిన్న విరామం) తిరిగొస్తాయి. అయినా వాటిని డివైన్ స్మైట్‌కి (తగిలిన దెబ్బ మీద స్లాట్ ఖర్చు చేసి డ్యామేజ్ పెంచే పాలడిన్ శక్తి) వాడుకోవచ్చు. 1వ స్థాయి స్లాట్‌కి స్మైట్ 2డి8, ఆపై ప్రతి స్థాయికి ఒక డి8, గరిష్ఠం 5డి8. ఉన్న స్లాట్లన్నీ స్మైట్‌కే పోశారనుకుని, 10వ లెవెల్‌లో ఒక లాంగ్ రెస్ట్ (పూర్తి విశ్రాంతి) నుంచి ఇంకో లాంగ్ రెస్ట్ దాకా ఎన్ని డి8లు వస్తాయో చూడండి:

పాలడిన్ 10 ఒక్కటే: 25
పాలడిన్ 6, సార్సరర్ 4: 34 (సార్సరీ పాయింట్లు నాలుగింటినీ రెండు 1వ స్థాయి స్లాట్లుగా మారిస్తే 38)
పాలడిన్ 6, వార్‌లాక్ 4: షార్ట్ రెస్ట్ లేకపోతే 20, ఒకటైతే 26, రెండైతే 32, మూడైతే 38

మీ డీఎం రోజుకి ఒకే పెద్ద పోరాటం పెట్టి లాంగ్ రెస్ట్ ఇచ్చే రకమైతే వార్‌లాక్ వల్ల మామూలు పాలడిన్ కంటే వెనకబడతారు. రెండు షార్ట్ రెస్ట్‌లు నికరంగా దొరికితే సార్సరర్ దరిదాపుల్లోకి వస్తుంది. ఆట మొదలయ్యే ముందే ఈ ఒక్క ప్రశ్న డీఎంని అడగండి.

వార్‌లాక్ వైపు బలమైన కారణం వేరే ఉంది: 2017లో వచ్చిన పుస్తకంలోని హెక్స్‌బ్లేడ్ అనే వార్‌లాక్ సబ్‌క్లాస్. ఒక్క లెవెల్‌తో కరిజ్మా మీదే కత్తి దూయొచ్చు, షీల్డ్ స్పెల్ కూడా ఆ జాబితాలో ఉంది. అప్పుడు స్ట్రెంత్ 13 దగ్గర ఆపేయొచ్చు. మిగిలిన 4 పాయింట్లతో డెక్స్టెరిటీ 8 నుంచి 12కి వెళుతుంది. కానీ మూడు సంగతులు మరవొద్దు. రెండు చేతుల ఆయుధానికి ఇది పనిచేయదు, దానికి వార్‌లాక్ 3లో వచ్చే పాక్ట్ ఆఫ్ ది బ్లేడ్ కావాలి. స్ట్రెంత్ 15 లేకుండా ప్లేట్ వేస్తే నడక 10 అడుగులు తగ్గుతుంది (డ్వార్ఫ్ అయితే తగ్గదు). వార్‌లాక్ లెవెల్‌ని 2వ లెవెల్‌లోనే తీసుకోవాలి, లేదంటే బలహీనమైన స్ట్రెంత్‌తో చాలాకాలం గురి తప్పుతూ ఉంటారు. అప్పుడు ఎక్స్‌ట్రా అటాక్ 6లో, ఆరా 7లో. ఒక్క లెవెల్ ఆలస్యం భరించదగ్గదే.

నడిరేయి_పహరా:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. మా దగ్గర షార్ట్ రెస్ట్‌లు అరుదు, కాబట్టి సార్సరరే ఖాయం చేస్తున్నాను. పాలడిన్ 6, సార్సరర్ 4.

ఇంకో రెండు సందేహాలు. సార్సరర్ 4లో తెలిసేది ఐదు స్పెల్సే కదా, ఏవి తీసుకోవాలి? కత్తి, డాలు రెండూ పట్టుకుని వాటిని వేయగలనా?

మ్యాప్‌గీత:

ముందు చేతుల సంగతి. చాలామంది ఈ బిల్డ్ 7వ లెవెల్‌కి చేరాక గానీ దీన్ని గమనించరు.

షీల్డ్ స్పెల్‌కి మాట, సైగ రెండూ కావాలి. సైగకి ఒక చెయ్యి ఖాళీ ఉండాలి. డాలు మీద పవిత్ర చిహ్నం గీయించుకుంటే చాలనుకుంటారు. అది పాలడిన్ స్పెల్స్‌కి మాత్రమే, అందులోనూ మెటీరియల్ అవసరమున్న స్పెల్స్‌కే పనికొస్తుంది. షీల్డ్‌కి మెటీరియల్ లేదు, పైగా అది సార్సరర్ స్పెల్. కాబట్టి కత్తి, డాలు పట్టుకుని వేయడం కుదరదు. దారులు రెండు. ఒకటి, వార్ క్యాస్టర్ ఫీట్. అది పాలడిన్ 4లో తీసుకుంటే కరిజ్మా 17 దగ్గరే ఉండిపోతుంది, ఆరా +3. రెండోది, డాలు మానేసి గ్రేట్‌సోర్డ్. రెండు చేతుల ఆయుధానికి రెండు చేతులు కొట్టేటప్పుడే కావాలి, మిగతా సమయంలో ఒక చెయ్యి వదిలేసి సైగ చేయొచ్చు. మీ పాయింట్లకి ఇదే నప్పుతుంది. ఫైటింగ్ స్టైల్ డిఫెన్స్ తీసుకుంటే ప్లేట్‌తో ఏసీ 19, షీల్డ్ స్పెల్ వేసినప్పుడు 24.

స్పెల్స్ విషయంలో ఒకే సూత్రం పెట్టుకోండి: కాన్సంట్రేషన్ అడిగేవి పాలడిన్ జాబితాకి వదిలేయండి. బ్లెస్ అక్కడే ఉంది, మీ కాన్సంట్రేషన్ ఎక్కువసార్లు దానికే పోతుంది. సార్సరర్ నుంచి షీల్డ్, అబ్సార్బ్ ఎలిమెంట్స్, మిస్టీ స్టెప్, మిర్రర్ ఇమేజ్. ఈ నాలుగింటికీ కాన్సంట్రేషన్ అక్కర్లేదు, సేవ్ డీసీతోనూ (శత్రువు తన సేవింగ్ త్రోలో అందుకోవాల్సిన అంకె) పని లేదు. ఐదోది మీ ఇష్టం. క్యాంట్రిప్స్‌లో (స్లాట్ ఖర్చు లేని స్పెల్స్) బూమింగ్ బ్లేడ్ ఒకటి తప్పకుండా ఉండాలి.

దాని అసలు ఉపయోగం సార్సరర్ 3లో మెటామ్యాజిక్ (స్పెల్ వేసే తీరుని మార్చే శక్తి) వచ్చాక తెలుస్తుంది. అందులో క్వికెన్డ్ స్పెల్‌కి (యాక్షన్ పట్టే స్పెల్‌ని బోనస్ యాక్షన్‌లో వేయడం) 2 సార్సరీ పాయింట్లు. అటాక్ యాక్షన్‌తో రెండు దెబ్బలు కొట్టి, బోనస్ యాక్షన్‌లో బూమింగ్ బ్లేడ్‌తో మూడోది. ఆ మూడిట్లో తగిలిన ప్రతిదాని మీదా స్మైట్ వేయొచ్చు. 9వ లెవెల్‌లో రోజుకి ఒకసారి, 10లో రెండుసార్లు. క్రిటికల్ పడ్డాక స్మైట్ వేయాలని నిర్ణయించుకోవచ్చు, అప్పుడు స్మైట్ డైస్ కూడా రెట్టింపవుతాయి. అందుకే పెద్ద స్లాట్లని మొదటి దెబ్బకే ఖర్చు పెట్టేయకండి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు: బోనస్ యాక్షన్‌తో ఏ స్పెల్ వేసినా ఆ టర్న్‌లో ఇంకేమీ వేయకూడదు, ఒక యాక్షన్ పట్టే క్యాంట్రిప్ తప్ప. మిస్టీ స్టెప్ వేసి, ఆ తర్వాత శత్రువు పక్కనుంచి కదిలి ఆపర్చ్యూనిటీ అటాక్ తెచ్చుకుంటే, దానికి అడ్డుగా షీల్డ్ వేయలేరు. ఇంకా మీ టర్న్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి. స్మైట్ మాత్రం 2014లో స్పెల్ కాదు, దానికి ఈ నియమం అంటదు.

సబ్‌క్లాస్ గురించి మీరు అడగలేదు గానీ, డ్రాకోనిక్‌లో దొరికే ఏసీ 13 లెక్క ప్లేట్ వేసుకున్నవాళ్లకి దండగ. సార్సరర్ లెవెల్‌కి ఒక హిట్ పాయింట్ మాత్రం కలుస్తుంది. సగటు లెక్కన 10వ లెవెల్‌లో మీకు 86, పాలడిన్ 10కి 94. డ్రాకోనిక్‌తో 90. డివైన్ సోల్‌కి అనుమతి ఉంటే అదే మంచిది: తప్పిన సేవ్ గానీ అటాక్ గానీ షార్ట్ రెస్ట్‌కి ఒకసారి 2డి4తో లేపుకోవచ్చు.

స్లాట్‌లెక్క:

ఒక దిద్దుబాటు లాంటిది. 3వ, 4వ స్థాయి స్లాట్లు ఉన్నాయి కదా అని ఆ స్థాయి స్పెల్స్ నేర్చుకోవచ్చనుకోకండి. ఏ స్పెల్ తెలుస్తుందన్నది ఒక్కో క్లాసుని విడిగా చూసి తేల్చాలి. పాలడిన్ 6కి 2వ స్థాయి దాకా, సార్సరర్ 4కి 2వ స్థాయి దాకా. పై స్లాట్లు స్మైట్‌కీ, చిన్న స్పెల్స్‌ని పెంచి వేయడానికీ. బ్లెస్‌ని 3వ స్థాయి స్లాట్‌తో వేస్తే ముగ్గురికి బదులు ఐదుగురికి పడుతుంది.

ప్రొఫిషియెన్సీ బోనస్, క్యాంట్రిప్ డైస్ మాత్రం మొత్తం లెవెల్‌నే చూస్తాయి. అందుకే ఆలస్యంగా నేర్చుకున్నా బూమింగ్ బ్లేడ్ తగిలితే మొదటినుంచీ అదనపు డి8 ఉంటుంది.

కవచం18:

ఒక్క మాట. మధ్యలో 2024 పుస్తకానికి మారదామని టేబుల్‌లో ఎవరైనా అంటే ఈ లెక్కలన్నీ మళ్లీ వేయాలి. అందులో డివైన్ స్మైట్ బోనస్ యాక్షన్‌తో వేసే స్పెల్ అయిపోయింది, టర్న్‌కి ఒక్కటే పడుతుంది, క్వికెన్డ్ బూమింగ్ బ్లేడ్‌తో అదే బోనస్ యాక్షన్ కోసం పోటీ పడుతుంది. సబ్‌క్లాసులన్నీ 3వ లెవెల్‌కి జరిగాయి. పాలడిన్ సగం లెక్కలో భిన్నాన్ని పైకి తీసుకుంటారు, కాబట్టి బేసి లెవెల్ దగ్గర ఆగినా నష్టం లేదు. సార్సరర్ లెవెల్ ఎక్కే ముందు, అంటే 6వ లెవెల్ పూర్తయ్యేలోపు, ఏ పుస్తకమన్నది డీఎంతో తేల్చుకోండి. పాలడిన్ 6 దాకా దారి రెండిట్లోనూ ఒకటే.