సైజింగ్ డైలో కేస్ ఇరుక్కుపోయింది, అసలు లూబ్ ఎంత పెట్టాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మేం టెక్సాస్‌లో ఉంటాం, నేను రీలోడింగ్ (పేల్చిన తూటాల ఖాళీ ఇత్తడి కేసుల్ని మళ్ళీ నింపి వాడటం) మొదలుపెట్టి రెండు నెలలైంది. నిన్న రాత్రి 308 రైఫిల్ కేసులు ఫుల్ లెంగ్త్ సైజింగ్ చేస్తుంటే, అంటే డై అనే అచ్చులోకి నొక్కి మళ్ళీ సైజుకి తెస్తుంటే, ఒకటి డైలోకి వెళ్ళింది గానీ బయటికి రానంది, హ్యాండిల్ గట్టిగా లాగేసరికి కేస్ అడుగుని పట్టుకునే షెల్ హోల్డర్ దాని రిమ్ముని చింపుకుని వచ్చేసింది, కేస్ లోపలే ఉండిపోయింది. స్ప్రే లూబ్ (జారడానికి పూసే జిడ్డు) కొట్టిన వెంటనే మొదలెట్టా. పోయిన వారం ఏమో ఎక్కువ పూస్తే షోల్డర్ (కేస్ మూతి, అంటే నెక్ కింద సన్నబడే వాలు) మీద సొట్టలు పడ్డాయి. ఎంత పెట్టాలో ఎవరైనా చెప్పండి. మా ఫ్రెండ్ 9 ఎంఎం పిస్టల్ కేసులకి అసలు లూబే వాడడు, అదెలా?

జవాబు 1:
తమ్ముడూ, ఎంత అన్నదానికంటే ఎక్కడ అన్నది ముఖ్యం. డై గట్టిగా పట్టేది కేస్ బాడీని, అందులోనూ అడుగు వైపు, అక్కడ లూబ్ తప్పకుండా ఉండాలి. షోల్డర్‌కి విడిగా ఏమీ పూయకు, అక్కడ చేరిన లూబ్‌కి పోవడానికి దారుండదు, అదే ఇత్తడిని లోపలికి నొక్కి సొట్ట చేస్తుంది. నేను సైజింగ్ వ్యాక్స్ వాడతా, వేలికి తగిలీ తగలనట్టు తీసుకుని కేస్‌ని వేళ్ళ మధ్య తిప్పుతా, చూస్తే కనపడదు కానీ ముట్టుకుంటే జారుతుంది, అంతే చాలు. నెక్ లోపల కూడా బ్రష్‌తో కొంచెం రాయి, లేకపోతే నెక్‌ని లోపలి నుంచి వెడల్పు చేసే ఎక్స్‌పాండర్ బాల్ వెనక్కొచ్చేటప్పుడు కీచుమంటూ నెక్‌ని సాగదీస్తుంది. ఇంకోటి, హ్యాండిల్ బరువుగా అనిపించిందంటే అక్కడే ఆపి వెనక్కి తీసేయ్, ఇంకా నొక్కావో ఇరుక్కున్నట్టే.

జవాబు 2:
స్ప్రే తప్పు కాదండీ, ఆరనివ్వకపోవడమే తప్పు. నేను ఇంట్లోనే కలుపుకుంటా, లిక్విడ్ లానోలిన్ అంటే గొర్రె ఉన్ని జిడ్డు ఒక వంతు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పది పన్నెండు వంతులు. జిప్ కవర్‌లో కేసులేసి కొట్టి బాగా దొర్లించి ట్రేలో పరిచి పది నిమిషాలు వదిలేస్తా. ఆల్కహాల్ ఎగిరిపోయాకే లానోలిన్ పొర మిగులుతుంది, తడిగా ఉండగా అది పని చేయదు. ఆల్కహాల్ మండుతుంది కాబట్టి గ్యారేజ్ తలుపు తీసి పెట్టుకోండి. ఇక 9 ఎంఎం కేస్‌కి షోల్డర్ ఉండదు, మీ ఫ్రెండ్‌ది కార్బైడ్ (చాలా గట్టి, నున్నటి పదార్థం) డై అయ్యుంటుంది, దానికి లూబ్ లేకపోయినా నడుస్తుంది. 308 లాంటి షోల్డర్ ఉన్న కేసులకి మాత్రం కార్బైడ్ డై అయినా లూబ్ పెట్టాల్సిందే.

జవాబు 3:
ఇరుక్కున్నదాన్ని సుత్తితో కొట్టకు బ్రో. ముందు డై మధ్యలో పాత ప్రైమర్‌ని తోసేసే డీక్యాపింగ్ రాడ్‌ని పైకి ఎంత వస్తే అంత లేపు, తర్వాత కేస్ అడుగున ప్రైమర్ (పౌడర్‌ని అంటించే చిన్న క్యాప్) కూర్చునే పాకెట్‌లోంచి డ్రిల్ చేసి, రంధ్రంలో మరలు కోసి, మర బోల్ట్ బిగించి లాగాలి, స్టక్ కేస్ రిమూవర్ కిట్ అని దీనికే అమ్ముతారు. వచ్చాక డై లోపల శుభ్రంగా తుడిచి, పక్కనుండే చిన్న గాలి రంధ్రం మూసుకుపోయిందేమో చూడు, దానివల్ల కూడా సొట్టలు పడతాయి. సైజింగ్ అయ్యాక ప్రతి కేస్ మీద లూబ్ తుడిచేయాలి, ఇది మాత్రం బద్ధకించకు, జిడ్డు కేస్ పేల్చినప్పుడు తుపాకీ చాంబర్ (తూటా కూర్చునే గది) గోడని పట్టుకోదు, ఆ తోపుడంతా తుపాకీ చాంబర్‌ని వెనక నుంచి మూసే బోల్ట్ మీద పడుతుంది. కొత్త ప్రైమర్ పెట్టకముందే తుడవాలి, ప్రైమర్‌కీ పౌడర్‌కీ నూనె తగిలితే పాడవుతాయి.

ప్రశ్న అడిగినాయన:
థాంక్స్ అన్నా అందరికీ. కిట్ తెచ్చి లాగితే వచ్చింది, కేస్ అడుగు భాగం పొడిగా గీతలు పడి ఉంది, నెక్ వైపు మాత్రం ఇంకా జిడ్డుగానే ఉంది, నేను పైనుంచి ఒకవైపే స్ప్రే కొట్టాను. ఈసారి కవర్‌లో వేసి దొర్లిస్తా.