అప్‌డేట్: లసోటా వేక్సిన్ వేసినా పుంజుల మెడలు తిరిగిపోయినయ్ అన్నాను కదా, ల్యాబ్‌లో తేలింది

అందరికీ థాంక్సండి. భీమవరం దగ్గర మా దొడ్లో లసోటా (కొక్కెర వ్యాధి రాకుండా నీళ్ళలో కలిపి పట్టించే వేక్సిన్) పట్టించాక కూడా పుంజులు ఆకుపచ్చగా పారుకుంటా మెడలు తిప్పేస్తన్నాయి, వేక్సినే జబ్బు తెచ్చిందా అని అడిగాను కదా. తొమ్మిదిట్లో అయిదు పోయినయ్. కాకి డేగ పుంజు అయితే గింజ పొడుద్దామని చూసి పక్కన నేల పొడిచేది, చూళ్ళేకపోయాం.

చచ్చినదాన్ని ఐసులో పెట్టి డాక్టరుగారి ద్వారా ల్యాబ్‌కి పంపితే కొక్కెర వ్యాధే అన్నారు, అదే రాణిఖేత్, కానీ వేక్సిన్ రకం కాదు, బయట తిరిగే గట్టి రకం. తేడా ఏంటంటే వైరస్ మీదుండే ఎఫ్ ప్రోటీన్‌ని కోడి ఎంజైమే కత్తిరించాలంట, అప్పుడే అది కణంలోకి దూరేది. లసోటాని కత్తిరించే ట్రిప్సిన్ లాంటి ఎంజైములు ముఖ్యంగా ఊపిరి గొట్టాల్లో, పేగుల్లోనే ఉంటాయి, గట్టి రకాన్ని ఫ్యూరిన్ అనే ఇంకో ఎంజైమ్ కోసేస్తది, అది దాదాపు అన్ని కణాల్లోనూ ఉంటది, అందుకే మెదడు దాకా పోద్ది. కోడి కత్తెరతోనే కోడి పీక కోయడం అన్నమాట!

మరి వేక్సిన్ ఎందుకు పట్టలేదంటే, నేనడిగినప్పుడు ఇక్కడ ఒకాయన బ్లీచింగ్ నీళ్ళేమో అన్నారు కదా, ఆ మాటే డాక్టరుగారూ అన్నారు. నేను పంచాయతీ కుళాయి నీళ్ళలో కలిపేశానండి, క్లోరిన్‌కి వేక్సిన్‌లో ఉండే వైరస్ చచ్చిపోద్దంట. ఈసారి క్లోరిన్ లేని నీళ్ళు, అందులో వెన్న తీసిన పాలపొడి.

బర్డ్ ఫ్లూ టెస్ట్ నెగెటివ్. కొందరు చెప్పిన విటమిన్ బి1 బిళ్ళలు, ఎండుచేప దాణా మానెయ్యడం, రెండూ దీనికి సంబంధం లేనివే. మిగిలిన నాలుగిట్లో ఒకదానికి తల ఇంకా వణుకుతానే ఉంది.