502 ఇంజిన్‌లో వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ దిగిపోతోంది, ఇంజిన్ దించాల్సిందేనా?

లానియర్_బోటు:
అందరికీ నమస్తే. అట్లాంటా దగ్గర లేక్ లానియర్‌లో తిప్పుకునే బోటు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, రెండు మెర్‌క్రూజర్ 502 మ్యాగ్ పెట్రోల్ ఇంజిన్లు, బ్రావో వన్ డ్రైవులు (ఇంజిన్ తిప్పుడుని ప్రొపెల్లర్‌కి అందించేవి). ఎడమ ఇంజిన్ బంగారం. కుడిదానితోనే తంటా. చల్లగా స్టార్ట్ చేస్తే ఆయిల్ ప్రెషర్ 60 పీఎస్ఐ, వేడెక్కాక ఐడిల్‌లో 12, 3000 ఆర్‌పీఎమ్‌లో 42, ఇక్కడిదాకా బాగానే ఉంది కదా, కానీ 4500 మీద కాసేపు పట్టి ఉంచితే మెల్లమెల్లగా దిగుతూ 25కి వచ్చేస్తోంది, ముల్లు కూడా కొంచెం వణుకుతోంది. థ్రాటిల్ తగ్గించినా ప్రెషర్ వెంటనే మామూలుకి రాదు, టైం తీసుకుంటుంది. బజర్ అయితే మోగలేదు. ఆయిల్ మెర్క్యురీ 25డబ్ల్యూ40, ఫిల్టర్ ఈ సీజన్‌లోనే మార్చా. ఒక ఫ్రెండ్ హై వాల్యూమ్ ఆయిల్ పంప్ వేసి ఇంకా చిక్కటి 20డబ్ల్యూ50 ఆయిల్ పోసెయ్ అంటాడు, మెరీనాలో షాపువాళ్ళేమో డైరెక్ట్‌గా ఇంజిన్ దించి బేరింగులు చూడాలి అంటున్నారు. నా బోటులో ఆయిల్ ప్యాన్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కింద చెయ్యి పట్టే సందు కూడా లేదు కాబట్టి పంప్ మార్చాలన్నా దించాల్సిందే. అంత ఖర్చు పెట్టేముందు నేను ఏమేం చూసుకోవాలి?

బిగ్‌బ్లాక్_బాబాయ్:
తమ్ముడూ, ముందు డాష్ మీద గేజీని నమ్మడం మానెయ్. ఇంజిన్ బ్లాక్ మీద సెండర్ (ప్రెషర్‌ని గేజీకి పంపే సెన్సర్) ఊడదీసి అక్కడ మెకానికల్ గేజీ బిగించి చూడు, ఆ తర్వాతే మిగతా కథ. అది తెచ్చేలోపు ఫ్రీగా చేసుకునే టెస్ట్ ఒకటుంది, ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి (ఇంజిన్ స్టార్ట్ చెయ్యకు) సెండర్ వైరు పీకితే ముల్లు సున్నాకి పోవాలి, అదే వైరు బ్లాక్‌కి తగిలిస్తే పూర్తిగా పైకెళ్ళాలి, ఈ రెండూ జరిగితే గేజీ, వైరింగ్ ఓకే అన్నట్టే, ఎందుకంటే అమెరికన్ సెండర్లు సున్నా దగ్గర 240 ఓమ్స్, ఫుల్ దగ్గర 33 ఓమ్స్. నీకు రెండు ఇంజిన్లున్నాయి, అది పెద్ద అదృష్టం, సెండర్లు అటూ ఇటూ మార్చి చూడు, జబ్బు సెండర్‌తో పాటు ఎడమకి వెళ్ళిందంటే ఇంజిన్‌కి ఏమీ లేనట్టే. పాత ఓనర్ ఎవరో రెండు గేజీలకి పనిచేసే డ్యూయల్ స్టేషన్ సెండర్ తెచ్చి ఒక్క గేజీకి పెట్టిన బోట్లు కూడా చూశా, వాటిలో ముల్లు ఎప్పుడూ ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది, లోపల బేరింగ్ పోతున్నా తెలీదు.

ఇక నిజంగానే 25 అయితే అది మంచిది కాదు. వెయ్యి ఆర్‌పీఎమ్‌కి 10 పీఎస్ఐ అనేది పాతకాలం లెక్కే కానీ ఇప్పటికీ పనికొస్తుంది, 4500కి 45 దరిదాపుల్లో ఉండాలి. అప్పటిదాకా గట్టిగా తోలకు. వేడి ఐడిల్‌లో 12 గురించి మాత్రం అసలు కంగారు పడకు, బిగ్ బ్లాక్‌కి, అంటే నీ 502 లాంటి పెద్ద ఇంజిన్‌కి, అది మామూలే.

నాకు ముఖ్యంగా అనిపించింది ఏంటంటే అది ఎప్పుడు పడుతోంది అన్నది. బేరింగ్ క్లియరెన్స్ (బేరింగ్‌కీ షాఫ్ట్‌కీ మధ్య సందు) పెరిగిపోతే ముందు వేడి ఐడిల్‌లో బయటపడాలి, నీది ఐడిల్‌లో నిలబడుతోంది. పికప్‌కి (పంప్ ఆయిల్ పీల్చుకునే గొట్టానికి) ఆయిల్ అందకపోతే థ్రాటిల్ ఒక్కసారి మూసినప్పుడో, గట్టిగా టర్న్ తిప్పినప్పుడో టక్కున పడి టక్కున లేస్తుంది, ఎందుకంటే ఈ ఇంజిన్‌లో సంప్ (ప్యాన్‌లో లోతైన భాగం) వెనక ఉంటుంది, బోటు ముక్కు కిందకి దిగగానే ఆయిలంతా ముందుకి పారిపోతుంది. ఆయిల్‌లో గాలి కలిస్తే, అంటే ఎక్కువ పోసి క్రాంక్ దాన్ని చిలుకుతుంటే, ముల్లు వణుకుతుంది. నీ వణుకు ఇదే కావచ్చు, డిప్‌స్టిక్ ట్రైలర్ మీద చూశావా నీళ్ళలో చూశావా? ట్రైలర్ వాలుగా ఉంటే కొలత తప్పు వస్తుంది, బోటు నీళ్ళలో ఉన్నప్పుడు, ఇంజిన్ ఆపి ఆయిల్ కిందకి దిగనిచ్చి చూడాలి. కానీ మెల్లగా దిగడం, తగ్గించాక మెల్లగా లేవడం... అది వేడి లక్షణం. ఆయిల్ కాగి పల్చబడుతోంది. ఆయిల్ టెంపరేచర్ గేజీ ఉందా?

స్పీడ్_బ్యాచ్:
ఇంత సాగదీయడం ఎందుకు బ్రో, హై వాల్యూమ్ పంప్ వేసి చిక్కటి ఆయిల్ పోసెయ్, అయిపోయింది. మా గ్యాంగ్‌లో అందరివీ అవే.

బిగ్‌బ్లాక్_బాబాయ్:
జ్వరం వస్తే థర్మామీటర్ మార్చినట్టుంది నీ సలహా. పంప్ పెద్దదైతే ఆయిల్ ఇంకా ఎక్కువ పైకి, హెడ్స్‌లోకి పోతుంది, ఆర్‌పీఎమ్ మీద ఉన్నప్పుడు అది కిందకి దిగేలోపు స్టాక్ ప్యాన్ ఖాళీ అవుతుంది. పైగా ఆ పంప్‌ని తిప్పేది డిస్ట్రిబ్యూటర్ కింద ఉండే షాఫ్టే, లోడ్ అంతా ఆ గేర్ మీద, క్యామ్ గేర్ మీద పడుతుంది. పెద్ద ప్యాన్, స్టీల్ కాలర్ ఉన్న షాఫ్ట్, సరిపడా క్లియరెన్సులు అన్నీ చూసుకుని కట్టిన ఇంజిన్‌కి వేరే సంగతి.

సెకండ్_ఇంజనీర్:
నేను షిప్పుల మీద చేస్తానండి, పెట్రోల్ ఇంజిన్లు మా లైను కాదు, కానీ ల్యూబ్ ఆయిల్ ప్రెషర్ పడితే మేం ముందు చూసేది ఫిల్టర్‌కి అటూ ఇటూ తేడా. ఫిల్టర్ ముందు బాగుండి తర్వాత తక్కువుంటే ఫిల్టర్ పూడింది, రెండు చోట్లా తక్కువుంటే పంపో, రిలీఫ్ వాల్వో (ఎక్కువైన ప్రెషర్ వదిలేది), బేరింగో. మీది రిమోట్ ఫిల్టర్ అయితే హౌసింగ్ మీద ప్లగ్ పోర్టులు ఉంటాయేమో చూడండి. తర్వాత డిప్‌స్టిక్ వాసన చూడండి, పెట్రోల్ కొట్టిందంటే వేరే రిపేరు. టిష్యూ పేపర్ మీద ఒక్క చుక్క వెయ్యండి, చుట్టూ తడి వలయం బాగా వెడల్పుగా పాకితే ఆయిల్‌లో ఇంధనం కలిసిందని అనుమానించాలి. పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు, ఆయిల్‌ని నీళ్ళతో చల్లబరిచే కూలరో, ఎగ్జాస్ట్ మేనిఫోల్డో లీకవుతున్నట్టు. పాత ఫిల్టర్ పారేశారా? ఉంటే కోసి మడతలు విప్పి వెలుతురులో చూడండి, రాగి రంగు మెరుపు కనిపించిందంటే బేరింగ్ పైపొర అరిగి కింది పొర దాకా వచ్చినట్టు. హ్యాక్‌సా బ్లేడుతో మాత్రం కోయకండి, ఆ రజనే మెటల్ అనుకుని భయపడతారు, ఫిల్టర్ కట్టర్ వాడండి.

కాకినాడ_బోటు:
డాష్ గేజీ సంగతి బాబాయ్ గారు కరెక్ట్‌గా చెప్పారు, ఇక్కడ మా హార్బర్లో డీజిల్ బోట్లు సగం వాటికి గేజీలే పనిచెయ్యవు, డ్రైవరు ఇంజిన్ సౌండ్ బట్టే సరంగుకి (బోటు నడిపించే పెద్దకి) చెప్తాడు 😄

లానియర్_బోటు:
అప్‌డేట్ ఇస్తున్నా. మెకానికల్ గేజీ కూడా 4500 మీద 26 చూపించింది, అంటే నిజమే. పెట్రోల్ వాసన లేదు, తెలుపు లేదు. ఫిల్టర్ కోసి చూశాను, మడతల్లో నల్లటి మడ్డి తప్ప మెరిసేదేమీ లేదు, అప్పుడు కొంచెం ఊపిరి వచ్చింది. ఆయిల్ టెంపరేచర్ గేజీ లేదు కాబట్టి గట్టిగా నడిపి ఆపిన వెంటనే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కూలర్‌కి వెళ్ళే ఆయిల్ లైను, వచ్చే లైను కొలిచాను. ఎడమ ఇంజిన్‌లో లోపలికి 220, బయటికి 186 ఫారెన్‌హీట్. కుడిదాంట్లో 264, 251. ఫిట్టింగులు మెరుస్తూ ఉంటే గన్ తప్పు చూపిస్తుందని విని నల్ల టేపు చుట్టి కొలిచా. ఇంకో విషయం, వాటర్ టెంపరేచర్ కూడా కుడిది ఎడమదానికంటే ఎప్పుడూ ఓ పది డిగ్రీలు ఎక్కువే ఉండేది.

బిగ్‌బ్లాక్_బాబాయ్:
దొరికింది. 264కి వెళ్ళిన ఆయిల్ కూలర్‌లో పదమూడు డిగ్రీలే చల్లబడి వస్తోందంటే కూలర్‌లో నీళ్ళు పారట్లేదు. నీళ్ళు లోపలికొచ్చే వైపు గొట్టం ఊడదీసి టార్చ్ వేసి చూడు. నీళ్ళ పంప్‌లో తిరిగే రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు తెగి అక్కడే ఇరుక్కుంటాయి.

లానియర్_బోటు:
బాబాయ్ గారూ దండం 🙏 గొట్టం తియ్యగానే కూలర్ మూతికి అడ్డంగా నల్ల రబ్బరు ముక్కలు, వాటికి చుట్టుకుని ఎండిన నాచు, సన్న ట్యూబుల్లో సగం పైగా మూసుకుపోయాయి. ముక్కుపటకారుతో లాగి, వెనక వైపు నుంచి నీళ్ళు కొట్టి క్లీన్ చేశా. విచిత్రమేంటంటే నీళ్ళ పంప్‌లో ఇప్పుడున్న ఇంపెల్లర్‌కి రెక్కలన్నీ ఉన్నాయి, అంటే పాత ఓనర్ కొత్తది వేసి తెగిన ముక్కల సంగతి వదిలేసినట్టున్నాడు. ఆయిల్ కూడా మార్చేశా, అంత కాగింది కదా. ఇప్పుడు 4500 మీద 46 దగ్గర నిలబడుతోంది, ఆయిల్ లైను 225 దాటలేదు. ముల్లు వణుకు మాత్రం ఇంకా కొంచెం ఉంది.

బిగ్‌బ్లాక్_బాబాయ్:
వణుకు కోసం నీళ్ళలో లెవెల్ చూసి, ఫుల్ గీత దాటితే ఎక్కువున్నంతా తీసెయ్, గీతకి కొంచెం కిందే ఉన్నా పర్లేదు. సేకరించిన రబ్బరు ముక్కల్ని ఒక దగ్గర పేర్చి చూడు, పూర్తి ఇంపెల్లర్ లెక్క తేలకపోతే మిగతావి ముందుకెళ్ళి థర్మోస్టాట్ హౌసింగ్‌లో ఉంటాయి, అది కూడా విప్పు. ఎడమ ఇంజిన్ కూలర్ కూడా ఇదే వారం తెరువు, ఆ ఓనరే కదా దాన్నీ చూసింది. ఆయిల్ టెంపరేచర్ గేజీలు రెండు కొనుక్కో, అవి వచ్చాక నంబర్లు ఇక్కడ పెట్టు.