మందు బస్తాలు మోసే క్యాంపర్‌కు అడుగున జంగు, యాసంగిల ఎట్ల కడగాలె?

హాలియా క్యాంపర్:
అన్నలూ, యాసంగి నాట్ల టైంల మా బొలేరో క్యాంపర్ వెనక దినాం యూరియా, పొటాష్ బస్తాలు పడుతున్నయ్. చినిగిన బస్తాల నుంచి కారిందంత డాల (వెనక సామాను పెట్టే తొట్టి) సందులల్ల, ఛాసిస్ మీద చేరి, పొద్దుగాల మంచుకు తడిసి తెల్లగ ముద్ద అయితుంది. కమాన్ పట్టీల కాడ జంగు పొరలు పొరలు లేస్తుంది. సీజన్ల బండి ఆపలేం. వారానికోసారి వాటర్ సర్వీసింగ్ చాలా? కడిగినంక పాత ఇంజన్ ఆయిల్ కొట్టమంటున్నరు, కొట్టచ్చా? మాకున్నది బోరు నీళ్లే.

కమాన్ కట్ట:
వారం అంటే ఆలస్యమే. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, వంట ఉప్పుకు తోడబుట్టిందే. ఇనుమును తినేది అండ్ల ఉన్న క్లోరైడ్. పొడిగ ఉన్నంతసేపు పెద్దగ ఏం చెయ్యదు, చెమ్మ తగిల్తేనే పని మొదలుపెడ్తది. యూరియా, పొటాష్ కలిసి పడ్డయంటే విడివిడిగ ఉన్నప్పటికన్నా తొందరగ గాలిల తేమ గుంజుతయ్. మీరు చూస్తున్న ముద్ద అదే.

అందుకే బస్తాలు దింపిన సాయంత్రమే, మంచు పడకముందే, పొడిగ ఊడ్వండి. ముందుగాల నీళ్లు పోస్తే గింజలు కరిగి సందులల్లకు దిగుతయ్. డాల కీళ్ల కాడ, బోల్టుల చుట్టు పాత పెయింట్ బ్రష్‌తోని గీకి, పంచరు షాపు కంప్రెసర్‌తో ఊదియ్యండి. కండ్లకు అద్దాలు మర్వద్దు.

వారంల రెండుసార్లు నీళ్లు. ప్రెషర్ గన్ కాదు, మామూలు పైపే, అడుగున పదిహేను నిమిషాలు. ఉప్పును కరిగించేది నీళ్ల జోరు కాదు, నీళ్లు ఎన్ని పోసినం అన్నదే. గన్ దగ్గర పెట్టి కొడితే ఆ ఉప్పునీళ్లే షాఫ్ట్ క్రాస్ (వెనక చక్రాలను తిప్పే రాడ్డు కీలు) సీళ్లలకు, వైరింగ్ కప్లర్లలకు (వైర్లు కలిపే ప్లగ్గులు) దూరుతయ్. ఛాసిస్ అడుగున నీళ్లు కారే రంధ్రాలు మట్టితో మూసుకపోయి ఉంటయ్, తీగతో పొడవండి. మొదటిసారి పొడిస్తే గోధుమ రంగు బురద ధార కడ్తది. అది తేటగ వచ్చేదాక పైపు తియ్యొద్దు.

నల్లరేగడి:
బోరు నీళ్లతో కడగొచ్చు గని ఆఖరు కడుగుడు భగీరథ నల్ల నీళ్లతోనో సాగర్ కాలువ నీళ్లతోనో చెయ్యండి, రెండు మూడు బకెట్లు చాలు. మన దిక్కు బోర్లల్లనే ఉప్పు ఎక్కువ, ఆరితే తెల్ల మరక మిగుల్తది.

కడుగుడు అయిందో లేదో కంటికి తెల్వదు. టీడీఎస్ మీటర్ (నీళ్లల్ల కరిగిన ఉప్పు ఎంతుందో చూపేది) ఉంటే పైపు నీళ్లు ఒకసారి, ఛాసిస్ రంధ్రం నుంచి కారే నీళ్లు ఒకసారి గ్లాసుల పట్టి చూడండి. పైపుల 400 ఉండి కారేది 1500 చూపిస్తే ఇంక ఉప్పు ఉన్నట్టే. రెండు అంకెలు దగ్గరికి వస్తే ఆపొచ్చు. సోడా కలిపితే ఉప్పు విరుగుతది అంటరు, ఉత్తదే. ఉప్పు యాసిడ్ కాదు విరగనీకి.

హాలియా క్యాంపర్:
మరి ఆయిల్ సంగతి?

కమాన్ కట్ట:
వద్దు. ఉప్పు మిగిలి ఉంటే ఆయిల్ దాన్ని లోపల్నే పెట్టి మూస్తది. మీదికెళ్లి రబ్బరు బుష్‌లు ఉబ్బుతయ్, దుమ్ము అతుక్కుంటది, బ్రేక్ డ్రమ్ముల దిక్కు కారితే ప్రమాదం. ఇప్పుడు కడిగి, ఎండల పూర్తిగ ఆరబెట్టి, నిప్పల్ (గ్రీస్ ఎక్కించే మూతి) ఉన్న ప్రతి చోట గ్రీస్ కొత్తది బయటికి వచ్చేదాక కొట్టండి. సీజన్ అయినంక పొరలన్నీ వైర్ బ్రష్‌తో ఇనుము మెరిసేదాక తీసి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, దాని మీద ఛాసిస్ బ్లాక్ పెయింట్ రెండు కోట్లు.

పానగల్ దిక్కు:
వైర్లు మర్శిన్రు. తడిసిన యూరియా నుంచి అమ్మోనియా లేస్తది, ఇత్తడి, రాగి టెర్మినళ్లను పచ్చగ చేస్తది. టెయిల్ లైట్ కప్లర్లు, ఎర్త్ బోల్టు తుడిచి పెట్రోలియం జెల్లీ పూయండి. బస్తాల కింద తాటిపత్రి పరిచి అంచులు జానెడు పైకి మడవండి, దింపినంక దాన్నే దులిపితే సగం పని తప్పుతది. రబ్బరు మ్యాట్ మాత్రం వద్దు, దాని కింద చెమ్మ ఆరదు. కడిగినంక బ్రేకులు మెల్లగ తొక్కుకుంట రెండు కిలోమీటర్లు తోలి, డ్రమ్ములు ఆరినంకనే బండి నిలబెట్టండి.